ఊసితో నంబరు దిగింది.. జబ్బు దిగిందా?

పౌరుష గ్రంథి క్యాన్సర్‌లో కణాలు దారి మార్చే తీరు ఇదీ

అవినాశి: "ఊసి ఏయించుకుంటి. మూడు నెలలకు నంబరు నూటయాభై నుంచి ఒకటికి దిగిపాయ. ఇంక ఎందుకప్పా డబ్బు దండగ?"

అవినాశి తేరువీధిలో టీకడ బల్లమీద కూర్చుని ఓ పెద్దాయన అడిగిన మాట ఇది. వయసు డెబ్బై దాటింది. తాతల కాలం నుంచి ఇక్కడే సేద్యం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆస్పత్రి చీటీలో ఇంగ్లిషు. ఊసి అంటే సూది మందు. నంబరు అంటే పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష లెక్క. ప్రోస్టేట్ గ్రంథిలో.. పుస్తకాల తెలుగులో పౌరుష గ్రంథి.. మొదలైన క్యాన్సర్ నడుము ఎముకలకు పాకిందని నిరుడు తేలింది. పక్కనే నిలబడ్డ కొడుకు "డాక్టరు మళ్లీ రమ్మనె కదా నాయనా" అన్నాడు నెమ్మదిగా. "ఒళ్లు బాగుండేటప్పుడు ఆస్పత్రికి ఎవడు పోతాడురా!" అని పెద్దాయన కొట్టిపారేశారు. తర్వాతి ఊసి గడువు దాటి అప్పటికే ఆరు వారాలు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. జ్వరం దిగితే మాత్రలు ఆపేస్తాం. నూటయాభై ఒకటైతే జబ్బు పోయిందనే ఎవరైనా అనుకుంటారు. చిక్కేమిటంటే, ఈ జబ్బులో నంబరును పుట్టించే మీట, కణాలను పెంచే మీట.. రెండూ ఒకటే. సూది ఆ మీటను నొక్కిపెడుతుంది. నంబరు పడిపోతుంది. కణాలు మాత్రం అన్నీ చావవు. కొన్ని చస్తాయి, కొన్ని ముడుచుకుని కూర్చుంటాయి, కొన్ని పెరగడానికి వేరే దారి వెతుక్కుంటాయి. ఆ వేరే దారులేమిటో తెలిస్తే తర్వాతి ఊసి ఎందుకో తెలుస్తుంది.

మూత్రం ఇబ్బంది వేరు.. క్యాన్సర్ వేరు

ముందు ఒక అపోహ. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి ఇది. మగవారికే ఉంటుంది. వీర్యంలో కొంత ద్రవాన్ని తయారుచేయడం దీని పని. వయసు పైబడితే చాలామందిలో ఉబ్బుతుంది. రాత్రిళ్లు నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం దానివల్లే. ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెలుపలి అంచున పుడుతుంది. నాళానికి దూరంగా ఉంటుంది కనుక మొదట్లో మూత్రానికి అడ్డం రాదు, నొప్పి ఉండదు. 'మూత్రం బాగానే పోతోంది, నాకేం లేదు' అనుకోవడానికీ వీల్లేదు. 'రాత్రి లేస్తున్నా, క్యాన్సరేమో' అని హడలిపోవడానికీ వీల్లేదు.

తెలుగిళ్లలో ఈ సంగతి అసలు మాటల్లోకి రాదు. భార్యకు చెప్పరు, కొడుకుకు చెప్పరు, కోడలి ముందు ఎత్తనే ఎత్తరు. నడుం నొప్పికి తైలం రాసుకుంటూ ఏడాది గడిపి, కాళ్లు బరువెక్కాక ఆస్పత్రికి చేరేవారున్నారు. 2022 లెక్కల అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 14 లక్షల మందికి పైగా ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు. దాదాపు నాలుగు లక్షల మంది చనిపోతున్నారు. సిగ్గుపడి దాచేంత అరుదైన జబ్బేమీ కాదు.

కాంగేయం ఎద్దును చూస్తే చాలు

ఈ జబ్బు గుట్టు కొంగు రైతుకు సగం తెలిసిందే. కాంగేయం ఆంబోతు తల, మెడ, మూపురం నల్లగా, కండ దట్టంగా ఉంటాయి. వృషణాలు కొట్టిన ఎద్దు తేలికైన బూడిద రంగులోకి వస్తుంది, మూపురం తగ్గుతుంది. వృషణాల్లోంచి వచ్చే ఏదో సరుకు ఆ తేడా తెస్తోందన్నమాట. దాని పేరు టెస్టోస్టెరాన్. పైకి కనిపించనిది ఇంకోటుంది. వృషణాలు తీసిన జంతువులో పౌరుష గ్రంథి కూడా ముడుచుకుపోతుందని 18వ శతాబ్దంలోనే జాన్ హంటర్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు రాసిపెట్టాడు.

ఆ సంగతిని మనిషి క్యాన్సర్‌కు ముడిపెట్టడానికి మరో నూటయాభై ఏళ్లు పట్టింది. 1941లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ ఆ పని చేశారు. ఎముకలకు పాకిన రోగులకు వృషణాలు తీసేస్తే, లేదా ఆడవారి హార్మోను ఇస్తే జబ్బు వెనక్కి తగ్గిందని చూపించారు. మంచం పట్టినవారు లేచి తిరిగారు. హగిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. కణం తనంతట తాను విచ్చలవిడిగా పెరగడమే క్యాన్సర్ అనుకుంటున్న రోజులవి. కాదు, బయటి నుంచి అందే సంకేతాన్ని బట్టి పెరిగే క్యాన్సర్లూ ఉన్నాయని ఆయన నిరూపించారు.

పెద్దాయన వేయించుకున్న ఊసి ఆ కత్తికి బదులుగా వచ్చిందే. మెదడు కింది నుంచి వృషణాలకు వెళ్లే ఆజ్ఞను ఇది ఆపేస్తుంది. ఆ ఆజ్ఞ గుట్టు విప్పినందుకు ఆండ్రూ షాలీ, రోజర్ గీమాఁలకు 1977లో నోబెల్ దక్కింది. ల్యూప్రొలైడ్ అనే సూది మందు 1985లో అమెరికాలో అనుమతి పొందింది. నెలకో, మూడు నెలలకో ఒకటి వేస్తారు. పని ఎద్దుకు చేసిందే.. కాకపోతే మందు ఆపితే కొన్ని నెలల్లో టెస్టోస్టెరాన్ తిరిగొస్తుంది. పెద్దాయన విషయంలో భయమంతా అక్కడే.

నంబరు ఎందుకు దిగుతుంది?

టెస్టోస్టెరాన్ రక్తంలో ప్రయాణించి ప్రోస్టేట్ కణంలోకి చేరుతుంది. అక్కడ మరింత బలమైన రూపానికి మారుతుంది. కణంలో దానికోసమే కాచుకుని ఉండే ఓ గ్రాహకం ఉంటుంది. తాళంలో చెవి పడినట్టు హార్మోను అందులో కూర్చోగానే ఆ జంట కణ కేంద్రకంలోకి పోయి జన్యువులను మేల్కొలుపుతుంది. 'పెరుగు, రెండుగా చీలు' అని చెప్పే జన్యువులు వాటిలో ఉన్నాయి. పీఎస్‌ఏ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువూ అక్కడిదే.

హార్మోను ఆగితే గ్రాహకం ఖాళీ. గ్రాహకం ఖాళీ అయితే పీఎస్‌ఏ తయారీ తగ్గుతుంది. అంటే నంబరు పడిపోవడంలో కణాలు చచ్చిన వాటా కొంత, బతికున్న కణాలు నోరు మూసుకున్న వాటా కొంత. బీళ్లలో యంత్రం శబ్దం ఆగితే మిల్లు మూతపడిందనుకోకూడదు. కరెంటు లేకపోయి ఉండొచ్చు!

అలాగని నంబరుకు విలువ లేదని కాదు. ఎముకలకు పాకిన రోగులపై అమెరికాలో జరిగిన ఓ పెద్ద పరిశోధన ఫలితం 2006లో వచ్చింది. ఏడు నెలల హార్మోను చికిత్స తర్వాత పీఎస్‌ఏ 0.2 లేదా అంతకు తక్కువకు దిగినవారిలో సగం మంది అక్కడి నుంచి 75 నెలలకు మించి బతికారు. 0.2 నుంచి 4 మధ్య ఆగినవారిలో ఆ కాలం 44 నెలలు. 4 దాటి ఉన్నవారిలో 13 నెలలే. ఇప్పటి మందులు రాకముందు లెక్కలివి. దిగిన నంబరు మంచి శకునమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ లెక్కలన్నీ చికిత్సలో ఉన్నవారివి, మధ్యలో మానేసినవారివి కావు.

మెయిన్‌లైన్ పోతే జనరేటర్

కోయంబత్తూరు, తిరుప్పూర్ మిల్లుల వారికి దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. కరెంటు కోతల కాలంలో మెయిన్‌లైన్ పోయిన మరుక్షణం వెనక షెడ్డులో డీజిల్ జనరేటర్ గుర్రుమనేది. క్యాన్సర్ కణమూ అంతే. జబ్బు ఎముకలకు పాకాక హార్మోను చికిత్స ఒక్కటే చేస్తే చాలామందిలో ఏడాదిన్నర, రెండేళ్లు.. కొందరిలో మరికొంత ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఆ తర్వాత ఊసి వేస్తూనే ఉన్నా పీఎస్‌ఏ మళ్లీ ఎక్కుతుంది. ఎందుకని?

మొదటి ఎత్తు.. గ్రాహకాల సంఖ్య పెంచుకోవడం. ఆ జన్యువును కణం ఒకటికి పది ప్రతులు చేసుకుంటుందని 1995లో ఫిన్‌లాండ్ పరిశోధకులు చూపారు. హార్మోను చుక్క దొరికినా చాలు, పట్టుకుంటుంది. రెండో ఎత్తు.. వృషణాలు ఇవ్వకపోతే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల సరుకు నుంచి హార్మోనును తానే వండుకోవడం. మూడోది మరీ గడుసుది.. హార్మోను కూర్చునే భాగమే లేని మొండి గ్రాహకాన్ని తయారుచేసుకోవడం. తాళం చెవితో పనే లేదు, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

రెండో ఎత్తుకు విరుగుడుగా అబిరాటెరాన్ మాత్ర 2011లో వచ్చింది. ఎక్కడా హార్మోను తయారు కాకుండా ఇది అడ్డుపడుతుంది. గ్రాహకాన్నే మూసేసే ఎంజాలుటమైడ్ 2012లో వచ్చింది. మొదట వీటిని ఊసి విఫలమయ్యాకే ఇచ్చేవారు. జబ్బు పాకినవారికి మొదటి నుంచే ఊసితోపాటు అబిరాటెరాన్ కలిపి ఇస్తే ఎక్కువ కాలం బతుకుతారని 2017లో రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. కణం దారి వెతుక్కునే లోపే రెండో దారినీ మూయడం మేలన్నమాట. పెద్దాయన చీటీలో ఊసి ఒక్కటే ఉంది. మిగతా మందు గురించి డాక్టరు చెప్పారా, చెప్పినా ఖర్చుకు జంకి వీరే వద్దన్నారా అనేది కొడుక్కూ గుర్తు లేదు.

భీమవరం నుంచి వచ్చిన ఫాస్ఫేట్ కథ

హార్మోనుతో సంబంధం లేని దారి ఇంకోటి ఉంది. ఇక్కడ మనవాడొకరిని తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, హార్వర్డ్ చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి చేతిలో ఉంది గనుకే 1929లో కండరంలో ఏటీపీ అనే పదార్థాన్ని పట్టుకోగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నారు. ఏటీపీని కణానికి ఇంధనమని బళ్లో చదువుకుంటాం. దానికి ఇంకో కొలువూ ఉంది. కణంలో సంకేతాలు నడిచేది దాని ఫాస్ఫేట్ మీదే. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ ముక్కను తీసి ఒక ప్రొటీన్‌కు అంటిస్తే అది మేల్కొంటుంది. అది ఇంకోదాన్ని లేపుతుంది. చేతులు మారుతూ కబురు కేంద్రకం దాకా పోతుంది.

ఇన్సులిన్, దాన్ని పోలిన ఐజీఎఫ్-1 వంటి పెరుగుదల కారకాలు కణం గోడమీద తలుపు తట్టగానే లోపల పీఐ3కే అనే ఎంజైము లేస్తుంది. అది గోడలోని ఓ కొవ్వు పదార్థానికి ఫాస్ఫేట్ అంటిస్తుంది. ఆ గుర్తు చూసి ఏకేటీ అనే ప్రొటీన్ లేస్తుంది. 'చావకు, తిను, పెరుగు' అని దాని ఆజ్ఞ. ఎల్లకాలం ఇలా పెరగకూడదు కనుక పీటెన్ అనే మరో ప్రొటీన్ వెనకే వచ్చి, అంటించిన ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. ఇది బ్రేకు. దీని జన్యువు 1997లో బయటపడింది. ఎముకలకు పాకి, ఊసికి లొంగని దశకు చేరిన ప్రోస్టేట్ క్యాన్సర్లలో దాదాపు సగం వరకు ఈ బ్రేకు పోయి ఉంటుంది.

పెరుగుదల సంకేతంలో ఒక్క అక్షరం చెడితే చాలునని మొదట చూపిన వారిలోనూ తెలుగువాడున్నారు. ఉస్మానియాలో పరిశోధన చేసి అమెరికా వెళ్లిన ఇ.ప్రేమ్‌కుమార్ రెడ్డి. మనిషి మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో రాస్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిందని 1982లో ఆయన, సహచరులు తేల్చారు. అదే సమయంలో మరికొన్ని బృందాలూ ఆ సంగతే కనుగొన్నాయి. ప్రోస్టేట్‌లో మాత్రం రాస్ మార్పు అరుదు. ఇక్కడ ఎక్కువగా చెడేది పీటెన్ బ్రేకు. ఇంకోటి, రెండు జన్యువులు తెగి అతుక్కోవడం. హార్మోనుకు మేల్కొనే ఓ జన్యువు మీట, ఈఆర్‌జీ అనే పెరుగుదల జన్యువుకు అతుక్కుపోతుందని 2005లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో అరుళ్ చిన్నయ్యన్ బృందం కనిపెట్టింది. పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగం మందిలో ఇది ఉంటుంది. ఆసియా వారిలో తక్కువ.

ఒకటి మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది

అసలు మలుపు 2011లో వచ్చింది. న్యూయార్క్‌లో చార్లెస్ సాయర్స్ బృందం పీటెన్ లేని కణాల్లో ఒక వింత చూసింది. హార్మోను దారి మూస్తే ఏకేటీ దారి జోరందుకుంటోంది. ఏకేటీ దారి మూస్తే హార్మోను గ్రాహకం జోరందుకుంటోంది. రెండూ ఒకదాన్నొకటి అణచిపెట్టుకుని ఉంటాయి. ఒకదాన్ని నొక్కితే రెండోదానికి పగ్గం వదిలినట్టే. రెండింటినీ కలిపి మూస్తేనే ఎలుకల్లో గడ్డలు బాగా కరిగాయి.

ఎలుకలో బాగున్నది మనిషిలో అంత బాగుండదు. ఏకేటీని ఆపే ఇపటాసెర్టిబ్‌ను అబిరాటెరాన్‌తో కలిపి ఇస్తే, పీటెన్ పోయినవారిలో జబ్బు ముదరడం కాస్త ఆలస్యమైందని 2021లో తేలింది. అంతకుమించి చెప్పుకునేందుకు లేదు. అదే జాతి మందు కాపివాసెర్టిబ్‌తో పీటెన్ లేని రోగులపై జరిగిన పరిశోధన 2025లో వెలువడింది. అందులోనూ జబ్బు ముదిరేందుకు పట్టే కాలం కొన్ని నెలలు పెరిగింది. బదులుగా విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు, రక్తంలో చక్కెర పెరగడం. చక్కెర ఎందుకంటే.. ఇన్సులిన్ కబురు నడిచేదీ ఏకేటీ మీదే. ఇంటికొకరు మధుమేహులున్న మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

'అయితే చక్కెర మాత్ర వేసుకుంటే ఈ దారి మూసుకుపోదా?' అని అడిగే తెలివైన వాళ్లున్నారు. బ్రిటన్‌లో అదీ చూశారు. మధుమేహం లేని రోగులకు మామూలు చికిత్సతోపాటు మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. మొత్తం మీద ఆయుష్షులో నమ్మదగిన తేడా రాలేదని 2024లో ప్రకటించారు.

మధ్యలో మానేస్తే..

మళ్లీ మన పెద్దాయన దగ్గరికొద్దాం. ఊసి ఆపితే హార్మోను తిరిగొచ్చి, ముడుచుకున్న కణాలు లేస్తాయి. కొందరికి డాక్టర్లే లెక్క చూసుకుని కొన్నాళ్లు ఆపి, పీఎస్‌ఏ ఎక్కగానే మళ్లీ మొదలుపెడతారు. నిజమే. అయితే ఎముకలకు పాకినవారిలో ఆ పద్ధతి ఆపకుండా ఇచ్చే చికిత్సకు సమానమని 2013లో వచ్చిన పెద్ద పరిశోధన చూపలేకపోయింది. పైగా అది నెలనెలా రక్తం చూస్తూ ఆపడం. చెప్పాపెట్టకుండా మానేయడం కాదు.

గడువు దాటాక తిరిగి వెళ్లేవారు ఆ సంగతి డాక్టరుకు దాచకూడదు. ల్యూప్రొలైడ్ జాతి ఊసి వేసిన మొదటి వారం రెండు వారాలు హార్మోను తగ్గకపోగా ఒక్కసారి ఎగుస్తుంది. వెన్నెముకలో గడ్డ ఉన్నవారికి అప్పుడు నరాలు నొక్కుకుని కాళ్లు పడిపోయే ప్రమాదముంది. అందుకే ముందు కొన్నాళ్లు మాత్రలిచ్చి తర్వాత ఊసి వేస్తారు. నడుంనొప్పి హఠాత్తుగా పెరగడం, కాళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం బిగుసుకోవడం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సిందే. నంబరు తక్కువుందని ధీమా పనికిరాదు. ముదిరిన కొన్ని రకాల్లో పీఎస్‌ఏ తక్కువుండగానే జబ్బు పాకుతుంది.

ఊసి ఖర్చు మోయలేనివారికి హగిన్స్ నాటి దారి ఇప్పటికీ ఉంది. వృషణాలు తీసే చిన్న ఆపరేషను. ఒక్కసారితో సరి, గడువు మరిచే బాధ లేదు, ఫలితం ఊసితో సమానం. మగతనం పోతుందన్న దిగులు చాలామందిని ఆపుతుంది. కానీ ఆ విషయంలో ఊసి చేసేదీ అదే. కోయంబత్తూరు వైద్య కళాశాల ఆస్పత్రి, మదురై రాజాజీ ఆస్పత్రి వంటి పెద్ద సర్కారీ ఆస్పత్రులు ఉండనే ఉన్నాయి. 2022లో తిరుప్పూర్‌కూ వైద్య కళాశాల వచ్చింది. ముఖ్యమంత్రి బీమా కార్డు ఉన్నవారు ఏ చికిత్సకు వర్తిస్తుందో అక్కడి కౌంటరులోనే అడగాలి. ఏ దారిలో వెళ్లినా ఒంట్లో ఆవిర్లు, నీరసం, ఎముకల బలహీనత, చక్కెర పెరగడం ఉంటాయి. వాటికి మందులు, నడక, క్యాల్షియం ఉన్నాయి. వాటికి భయపడి ఊసే మానేయడం మాత్రం తగదు.

జబ్బు లేనివారి మాటేమిటి? యాభై దాటినవారు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చినవారైతే నలభై ఐదు నుంచి, పీఎస్‌ఏ చేయించుకోవాలో లేదో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. పరీక్షల వల్ల చావులు 13 శాతం తగ్గాయని ఐరోపా పరిశోధన 23 ఏళ్ల తర్వాత, 2025లో చెప్పింది. గ్రంథి దాటని క్యాన్సర్‌కు తొందరే లేదని బ్రిటన్‌లోని మరో పరిశోధన 2023లో చెప్పింది. ఆపరేషను, రేడియేషను, ఊరికే కనిపెట్టి ఉండటం.. ఏది ఎంచుకున్నా 15 ఏళ్లలో ఈ జబ్బుతో చనిపోయింది వందకు దాదాపు ముగ్గురే. నంబరు 4 దాటినంత మాత్రాన క్యాన్సర్ కాదు. ఇన్ఫెక్షను ఉన్నా, గ్రంథి ఉబ్బినా, గొట్టం వేసినా పెరుగుతుంది.

టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. కొడుకు సెల్‌ఫోన్‌లో ఆస్పత్రి చీటీ ఫొటో వెతికి ఊసి వేసిన తేదీ చూశాడు. "ఎన్ని వారాలాయరా?" అడిగారు పెద్దాయన. "ఆరు, నాయనా." కాసేపు మాట్లాడలేదు. "గురువారం పోదాములే. ఆ ఇంకో మాత్ర సంగతి నువ్వు అడుగు. నేను అడిగితే నాకు అర్థం కాదు" అంటూ తువ్వాలు దులిపి లేచారు.